టోలుగేటు ఒకసారి పోయింది కదా, మళ్ళీ ఎట్లా వచ్చింది?

మిట్టూరు_వాసి · శుక్రవారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. రెండు సంగతులు అడగాలి.

మొదటిది డబ్బుల సంగతి. నేను ఉండేది చిత్తూరు, పని తిరుపతిలో. వారానికి మూడు రోజులు కారులో పోయి వస్తా, మిగతా రోజులు ఇంటి నుంచే పని. దారిలో గాదంకి టోలు. వార్షిక పాసు తీసుకునేదా, నెల పాసా, లేక ఇప్పటి మాదిరే ఫాస్టాగ్‌లో కోసుకోనిచ్చేదా?

రెండోది ఇంట్లో పందెం. మొన్న మా నాయనను తీసుకొస్తా ఉంటే గేటు దగ్గర ఆగినాం. "మా కాలంలో ఈ దరిద్రం లేదు, రోడ్డంటే సర్కారుది" అన్నాడు. కాసేపాగి ఆయనే, "మా నాయన మాత్రం ఎద్దుబండికి గేటు దగ్గర డబ్బు కట్టినామని చెప్పేవాడు, నేను నమ్మలా" అన్నాడు. మా తాత పుట్టింది 1915 ప్రాంతంలో. టోలు అనేది నాలుగు లైన్ల రోడ్లతోపాటే పుట్టిందని నేను అనుకుంటా ఉండా. తాత చెప్పింది నిజమేనా? నిజమైతే ఆ గేట్లు మధ్యలో ఏమైపోయినాయి?

రేణిగుంట_రాత్రిబండి · శుక్రవారం, రాత్రి 10:05

అన్నా, నీది తెల్ల బోర్డు, అదృష్టవంతుడివి. ఆ వార్షిక పాసు సొంత కార్లకు, జీపులకు, వ్యాన్లకే. మాది పసుపు బోర్డు, మాకు లేదు. నెలలో నీకంటే పదింతలు గేట్లు దాటేది మేము. పాసు మాత్రం నీకు!

చెన్నై విమానాశ్రయం నుంచి తిరుపతికి యాత్రికులను తెస్తా. తమిళనాడు పక్క పట్టరైపెరుంబుదూరులో ఒకటి, ఇవతల ఎస్వీ పురంలో ఒకటి. పొయ్యేటప్పుడు రెండు, వచ్చేటప్పుడు రెండు. ఎక్కేముందే "టోలు మీదే సార్" అని చెప్తా. దిగేటప్పుడు "కిరాయిలో కలిపినావనుకున్నా" అంటారు. సామి దర్శనానికి వచ్చినోళ్ళతో ఏం కొట్లాడేది?

కంకర_చిప్స్ · శుక్రవారం, రాత్రి 10:31

మిట్టూరు అన్నా, లెక్క చెప్తా. రోడ్డు పనుల్లో పదిహేనేళ్ళుగా ఉన్నాను, ఈ నియమాలు తిరగేయడం అలవాటైపోయింది.

24 గంటల లోపు తిరిగొస్తే రెండు టికెట్లకు బదులు ఒకటిన్నర టికెట్టే పడుతుంది. నీకు నెలకు సుమారు 13 రానుపోనులు, అంటే పందొమ్మిదిన్నర టికెట్లు. నెల పాసు అంటే 50 సార్లకు మూడింట రెండు వంతుల ధర, అంటే 33 టికెట్ల డబ్బు. నీకు అది శుద్ధ దండగ. రోజూ పోయొచ్చేవాళ్ళకే అది.

వార్షిక పాసు 2025లో వచ్చినప్పుడు 3,000. ఏడాది గానీ 200 సార్లు గానీ, ఏది ముందు అయితే అది. ఒక గేటు ఒకసారి దాటితే ఒకటి లెక్క. పోయి వస్తే రెండు. నీకు వారానికి ఆరు. ఏడాది దాకా రాదు, 33 వారాల్లో అయిపోతుంది, మళ్ళీ కొనుక్కోవాలి. అయినా ఆ ధరకు దాటిన ప్రతిసారీ 15 రూపాయలే పడినట్టు. అదే 100 రానుపోనులకు పాసు లేకుండా 150 టికెట్లు కట్టాలి. ఒకవైపు టికెట్టు 20 రూపాయలు దాటిందంటే పాసే లాభం. గాదంకిలో అంతకంటే తక్కువ ఎవరికీ పడదు కాబట్టి కళ్ళు మూసుకుని తీసుకో.

గేటుకు 20 కిలోమీటర్ల లోపు ఇల్లున్న సొంత బండ్లకైతే ఇంకో పాసు ఉంది, నెలకు దాదాపు 350. చిత్తూరు ఆ పరిధిలోకి రాదులే.

మామిడి_మండీ · శనివారం, ఉదయం 6:12

కార్ల గోల అయిపోతే సరుకు బండ్ల సంగతి కూడా మాట్లాడండి స్వామీ. నాది బంగారుపాళ్యం పక్క. మహాసముద్రం గేటు మా గుమ్మం ముందున్నట్టే. సీజన్లో తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీలకు, మిగతా రోజుల్లో టమోటా, కొబ్బరి, ఏది దొరికితే అది.

రైతు ట్రాక్టరు మీద వేసుకొస్తే టోలు లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. అదే కాయ ఈచర్‌కి ఎక్కిందంటే కట్టాలి. పోయేటప్పుడు లోడు ఉంది, కడతాం, సరే. వచ్చేటప్పుడు ఖాళీ. ఖాళీ బండికి కూడా అదే రేటు! రోడ్డును అరగదీసేది బరువే కదా, బరువు లేనప్పుడు ఎందుకు కట్టాలి? నలుగురిని అడిగినా, ఒక్కరూ జవాబు చెప్పలా.

2017లో జీఎస్టీ వచ్చి వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేసినప్పుడు మా డ్రైవర్లు టెంకాయ కొట్టినారు. తడ దగ్గర బి.వి. పాళెం చెక్‌పోస్టులో రాత్రంతా నిలబడిన వాడికే తెలుసు ఆ సుఖం. ఇప్పుడు కాగితం అడిగేవాడు లేడు, డబ్బు కోసేవాడు ఉన్నాడు.

కంకర_చిప్స్ · శనివారం, ఉదయం 7:50

మండీ అన్నా, ఖాళీ బండి మాట న్యాయమే. కానీ టోలు బరువు మీద వేసేది కాదు, బండి తరగతిని, ఇరుసుల సంఖ్యను బట్టి వేసేది. 2008 జాతీయ రహదారుల టోలు నియమాల్లో మూల ధరలు (2007-08 సంవత్సరానివి) కిలోమీటరుకు ఇట్లా ఉన్నాయి: కారుకు 65 పైసలు, చిన్న సరుకు బండికి 1.05, రెండిరుసుల లారీకి, బస్సుకు 2.20, మూడిరుసులకు 2.40, నాలుగు నుంచి ఆరు ఇరుసులకు 3.45, ఏడు, ఆపైన 4.20. రెండు లైన్ల రోడ్డయితే ఇందులో 60 శాతం.

ఈ మూల ధర మీద ఏటా 3 శాతం ఖాయంగా పెరుగుతుంది. దానిపైన టోకు ధరల సూచీ ఎంత పెరిగితే అందులో 40 శాతం కలుస్తుంది. ఏప్రిల్ 1న కొత్త రేటు, చివరకు ఐదు రూపాయలకు సర్దుబాటు. ఆ 3 శాతమే 18 ఏళ్ళు, చక్రవడ్డీ కాకుండా మామూలు వడ్డీలాగా వేసుకో. 65 పైసలు కాస్తా రూపాయి అవుతుంది, సూచీ భాగం ఇంకా కలపకముందే. "ఏటా ఎందుకు పెంచుతారు" అని ఏప్రిల్‌లో తిట్టుకుంటాం గానీ, పెంచమని 2008లోనే రాసిపెట్టారు.

ఇంకో మాట. పది టన్నుల లోడుకు దారి మొత్తం మీద 300 టోలు అయిందనుకో, కిలోకు మూడు పైసలు. మండీలో కమీషన్ ఎంతో నువ్వే చెప్పు.

మామిడి_మండీ · శనివారం, ఉదయం 8:03

కమీషన్ జోలికి రావద్దు. అది వేరే చర్చ.

పాత_కాగితాలు · శనివారం, ఉదయం 11:20

మిట్టూరు బాబూ, మీ తాతగారు చెప్పినది అక్షరాలా నిజం. మీ నాన్నగారిదీ నిజమే. ఇద్దరూ చూసిన కాలాలు వేరు, అంతే.

ఈ దేశంలో టోలుకు మొదటి పెద్ద చట్టం 1851 నాటిది, ఆ ఏడాది 8వ చట్టం. ప్రభుత్వం ఖర్చుపెట్టి వేసిన, బాగుచేసిన రోడ్ల మీదా వంతెనల మీదా టోలు వేయవచ్చని అందులో ఉంది. మన చిత్తూరు జిల్లా పుట్టింది 1911 ఏప్రిల్ 1న. అంతకు ముందు ఈ ప్రాంతంలో ఎక్కువ భాగం ఉత్తర ఆర్కాటు జిల్లాలోది. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో రోడ్లు చూసేది జిల్లా బోర్డులు, పురపాలక సంఘాలు. వాటి రాబడిలో టోలుగేట్లు ఒకటి. బోర్డు తానుగా కూర్చుని వసూలు చేసేది కాదు. ఏడాదికింతని వేలం వేసి గుత్తకు ఇచ్చేది. వేలం పాడినవాడు గేటు పెట్టుకుని, కట్టిన దానికి పైన ఎంత పిండుకుంటే అంత. మద్రాసు నుంచి బెంగుళూరు పోయే పాత బాట చిత్తూరు, పలమనేరు మీదుగానే కదా, మీ తాతగారి ఎద్దుబండికి గేట్లు తగలడంలో వింతేముంది?

తర్వాత మోటారు కార్లు, బస్సులు వచ్చాయి. ఎద్దుబండి పది మైళ్ళలో ఒక గేటు దాటితే, బస్సు ఒక పూటలో పది గేట్లు దాటుతుంది. ప్రతి బోర్డు పరిధిలో ఆగాలి, కట్టాలి. బస్సుల వాళ్ళు మొత్తుకున్నారు. మరో పక్క రోడ్లకు డబ్బు ఎక్కడి నుంచి తేవాలో చూడమని ఎం.ఆర్. జయకర్ అధ్యక్షతన కమిటీ వేశారు. ఆ సిఫారసు మీద 1929లో గ్యాలను పెట్రోలు మీద రెండణాలు అదనంగా వేసి కేంద్ర రహదారి నిధి పెట్టారు. 1931లో మద్రాసు మోటారు వాహనాల పన్ను చట్టం వచ్చింది. దాని సారం ఇది: మోటారు బండి మీద ఇక స్థానిక సంస్థలు టోలు వేయకూడదు, ప్రభుత్వమే బండికి ఇంత అని పన్ను తీసుకుని, గేటు రాబడి పోగొట్టుకున్న బోర్డులకు పరిహారం ఇస్తుంది.

అంటే గేటుకు బదులుగా పన్ను. ఆ ఒప్పందంతో గేట్లు లేచాయి. మీ నాన్నగారు పెరిగింది ఆ లేచిన గేట్ల కాలంలో. 1931 నాటి ఆ పన్నుకు వారసులే 1963 ఆంధ్రప్రదేశ్ మోటారు వాహనాల పన్ను చట్టం, మీరు కారు కొన్నప్పుడు కట్టిన లైఫ్ ట్యాక్సు. గేటు తిరిగి వచ్చినప్పుడు ఆ పన్నును మాత్రం ఎవరూ తిరిగి పంపించలేదు. నా ఫిర్యాదు అంతా అక్కడే.

మిట్టూరు_వాసి · శనివారం, మధ్యాహ్నం 12:02

అబ్బ! గురువుగారూ, ఇది నాయనకు చదివి వినిపిస్తా. అంటే లైఫ్ ట్యాక్సు గేటుకు బదులు కట్టినది, పెట్రోలు మీద సెస్సు రోడ్డుకు కట్టినది, ఇప్పుడు గేటు మళ్ళీ వేరేనా?

పాత_కాగితాలు · శనివారం, మధ్యాహ్నం 12:15

2020 సెప్టెంబరులో మన రాష్ట్రం రోడ్ల పేరుతో లీటరుకు ఇంకో రూపాయి వేసింది, అదీ కలుపుకోండి. కానీ ఎవరికి చెప్పుకుంటారు? సుంకరి దగ్గర సుఖదుఃఖాలు చెప్పుకున్నట్టే.

కంకర_చిప్స్ · శనివారం, మధ్యాహ్నం 2:44

మాస్టారూ, మీ కాగితాలకు దండం. కానీ ఇక్కడ ఒక మాట అడ్డుపడాలి. 1931 రోడ్డు మీద నడిచింది ఎద్దుబండి, అక్కడో బస్సు. 1956 జాతీయ రహదారుల చట్టం వచ్చేనాటికి కూడా మన దగ్గర పెద్ద రోడ్డంటే ఒక లారీకి ఇంకో లారీ ఎదురైతే ఒకటి మట్టిలోకి దిగాల్సిందే. పన్ను డబ్బుతో నాలుగు లైన్లు వేయాలంటే మన మనవళ్ళ కాలానికి అయ్యేది. అందుకే 1995లో చట్టం సవరించి ప్రైవేటు పెట్టుబడిని రానిచ్చారు. 1999లో స్వర్ణ చతుర్భుజి మొదలైంది, 5,846 కిలోమీటర్లు. మన పక్కన తడ, సూళ్ళూరుపేట, నాయుడుపేట మీదుగా పోయే చెన్నై–కోల్‌కతా రోడ్డు అందులోదే. సూళ్ళూరుపేట, బూదనం గేట్లు ఆ సంతానమే.

మొగిలి ఘాట్‌లో పాత రోడ్డు మీద లారీ వెనక గంట సేపు రెండో గేరులో పాకినవాడు ఎవడూ కొత్త రోడ్డును తిట్టడు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, ఏరు దాటాక బోడి మల్లన్న.

గేటు డబ్బు ఎవరికి పోతుందో కూడా చాలామందికి తెలియదు. బీవోటీ అయితే కంపెనీ సొంత డబ్బుతో, బ్యాంకు అప్పుతో కట్టి, ఇన్నేళ్ళని టోలు తీసుకుంటుంది. బండ్లు రాకపోతే వాడి కొంప మునుగుతుంది. చాలా మునిగాయి కూడా. అందుకని 2016 నుంచి హ్యామ్ పద్ధతి: కట్టేటప్పుడే 40 శాతం ప్రభుత్వం ఇస్తుంది, మిగతా 60 ఏళ్ళ తరబడి వాయిదాల్లో. అక్కడ గేటు దగ్గర కోసేది కంపెనీకి కాదు, జాతీయ రహదారుల సంస్థకు. మూడోది టీవోటీ, అయిపోయిన రోడ్డు టోలును ముందే పెద్ద మొత్తానికి 30 ఏళ్ళకు అప్పజెప్పడం. 2018లో మొదటి మూట ఆంధ్ర, గుజరాత్‌లలోని 681 కిలోమీటర్లు, 9,681 కోట్లకు పోయింది. మాస్టారు చెప్పిన గుత్త వేలం గుర్తొస్తోందా? నాకు చదువుతుంటేనే నవ్వొచ్చింది.

కెంటకీలో_చిత్తూరోడు · శనివారం, సాయంత్రం 6:30

అమెరికాలో లూయీవిల్ నుంచి రాస్తా ఉండా, ఇక్కడ పొద్దున. మాది గ్రీమ్స్‌పేట. ఈ చర్చ చూసి ఉండలేకపోయినా.

మా రాష్ట్రం కెంటకీలో కూడా ఇదే కథ, కాకపోతే మధ్యలో ఒక మలుపు ఉంది. 1956లో లూయీవిల్ నుంచి ఎలిజబెత్‌టౌన్‌కు మొదటి టోలు రోడ్డు తెరిచినారు. బాండ్లు అమ్మి అప్పు తెచ్చి వేసిన రోడ్డు. తర్వాత పార్క్‌వేలని రాష్ట్రమంతా వేసినారు, అన్నిటికీ గేట్లు. షరతు ఏందంటే, బాండ్ల అప్పు తీరినాక టోలు ఎత్తేయాల. చెప్పినట్టే ఎత్తేసినారు! మొదటి రోడ్డుకు 1975లో తీసేసినారు, ఒక్కో పార్క్‌వేకు ఒక్కోసారి తీస్తా, చివరి గేట్లు 2006లో పోయినాయి. అద్దం దించి చిల్లర విసిరే కథలు మా ఆఫీసులో ముసలోళ్ళు ఇప్పటికీ చెప్తారు.

మన దగ్గర కూడా అప్పు తీరితే తీసేస్తారా? ఎక్కడైనా తీసినారా?

కంకర_చిప్స్ · శనివారం, రాత్రి 8:10

ఇది బాగా అడిగినావు, సమాధానం మాత్రం నీకు నచ్చదు.

2008 నియమాల్లో అసలు మాట ఉండేది: పెట్టుబడి తిరిగి రాబట్టుకున్నాక, లేదా కంపెనీ గడువు ముగిశాక, టోలు 40 శాతానికి తగ్గించాలని. మొత్తం ఎత్తేయమని ఎప్పుడూ లేదు, నిర్వహణకు ఖర్చవుతుంది కదా అని. 2023 అక్టోబరులో నియమం సవరించి ఆ తగ్గింపును కూడా తీసేశారు. గడువు అయ్యాక కూడా పూర్తి రేటే. నేను రోడ్ల పక్షం మాట్లాడేవాడినే, కానీ దీన్ని సమర్థించడానికి నా దగ్గర వాదన లేదు. కట్టిన డబ్బు వచ్చేసిందని లెక్క తేలాక ఇంకా కోస్తే, దాని పేరు పన్నే.

పాత_కాగితాలు · శనివారం, రాత్రి 8:22

ఈ ఒక్క విషయంలో మనిద్దరం ఒకే పక్కకు వచ్చాం. తేదీ రాసి పెట్టుకుంటున్నాను.

కెంటకీలో_చిత్తూరోడు · శనివారం, రాత్రి 8:41

మా ఊరిని మరీ మెచ్చుకోవద్దు. 2016 డిసెంబరు చివర్లో ఒహాయో నది మీద వంతెనలకు మళ్ళీ టోలు పెట్టినారు. గేటు ఉండదు, ఆగేది ఉండదు, కెమెరా నెంబరు ప్లేటు చదివి ఇంటికి బిల్లు పంపిస్తది. గేటు పోయింది, టోలు వచ్చింది.

కొండదారి · ఆదివారం, ఉదయం 7:05

అన్నలూ, తిరుపతి చర్చ అంటిరి, అలిపిరి మాటే లేదు! మా ఇంట్లో చిన్నపిల్లలకు టోలుగేటంటే అలిపిరే.

నేను స్కూటీ మీద వారానికోసారి కొండకు పోతా. ద్విచక్ర వాహనాలకు రుసుము లేదు. కార్లకు మాత్రం 2025 ఆగస్టు 15 నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి చేసినారు. మా ఆడబిడ్డ వాళ్ళు బెంగుళూరు నుంచి వచ్చి, "మాకు వార్షిక పాసు ఉంది" అని ధీమాగా అలిపిరికి పోయినారు. అక్కడ పాసు పనికి రాలేదు, ఫాస్టాగ్‌లో డబ్బు లేదు. గోవిందా గోవిందా!

నా సందేహం: అలిపిరిలో తీసుకునేది టోలేనా? అది దేవస్థానం గేటు కదా.

పాత_కాగితాలు · ఆదివారం, ఉదయం 8:30

అమ్మా, మంచి సందేహం. వార్షిక పాసు జాతీయ రహదారుల మీదా జాతీయ ఎక్స్‌ప్రెస్ వేల మీదా ఉన్న గేట్లకే. అలిపిరి అందులోకి రాదు.

నన్నడిగితే మన ప్రాంతంలో పాత అర్థంలో మిగిలిన టోలు అదొక్కటే. రోడ్డు వేసినవాడు, చూసుకునేవాడు, వసూలు చేసేవాడు ఒక్కరే. మొదటి ఘాట్ రోడ్డు 1944లో తెరిచారు. దాని ప్రణాళికలో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి చేయి ఉంది. అంతకు ముందు నడకే, కాలు సాగని వారికి డోలీ. 1974లో రెండో ఘాట్ రోడ్డు వచ్చాక ఒకటి ఎక్కడానికి, ఒకటి దిగడానికి అయ్యాయి. ఇన్నేళ్ళలో ఆ రోడ్డు మీద గుంత చూశారా ఎప్పుడైనా?

రేణిగుంట_రాత్రిబండి · ఆదివారం, ఉదయం 9:15

గుంత లేదు సార్, గడియారం ఉంది! ఎక్కేదానికి 28 నిమిషాలు, దిగేదానికి 40 నిమిషాలు. అంతకంటే ముందు వస్తే వేగంగా తోలినట్టు లెక్క. ముందుగా వచ్చేసి, చెక్‌పోస్టుకు ముందు మలుపులో బండి పక్కన పెట్టి టీ తాగే డ్రైవర్లు ఎంతమందో.

ఎట్లాగూ మాట వచ్చింది కాబట్టి నా బాధ కూడా వినండి. పోయిన నెల ఒక గేటు దగ్గర (పేరు వద్దులే) ఒక్కసారి దాటితే రెండుసార్లు కోసినారు. కౌంటర్లో అడిగితే "బ్యాంకుకు చెప్పు" అనె. బ్యాంకోళ్ళు "గేటోళ్ళకు చెప్పు" అనిరి. కడాకు 1033కి ఫోన్ చేస్తే ఫిర్యాదు రాసుకుని, కొన్నాళ్ళకు డబ్బు వెనక్కి వేసినారు. కాబట్టి అందరూ ఆ నెంబరు గుర్తు పెట్టుకోండి. ఆ రెండో కోతతో ఖాతాలో డబ్బు సరిపోక పక్క గేటులో బ్లాక్‌లిస్టు అని చూపించింది. వెనక సీట్లో యాత్రికులు, ముందర దించిన గేటు. ఆ అవమానం ఎవురికీ వద్దు.

కంకర_చిప్స్ · ఆదివారం, ఉదయం 9:48

ఇక్కడే ఇంకో చిన్న ఊరట చెప్పాలి. ఫాస్టాగ్ లేకపోతే, పనిచేయకపోతే ఇంతకు ముందు ఏకంగా రెట్టింపు. 2025 నవంబరు 15 నుంచి యూపీఐలో కడితే ఒకటింబావు వంతే. ఫోన్లో చార్జింగ్ ఉంచుకోండి చాలు.

మామిడి_మండీ · ఆదివారం, ఉదయం 10:20

మా డ్రైవరు ఒకడు, పేరు చెప్తే కొడతాడు. టోలు మిగిలిస్తానని పోయిన ఏడు రాత్రిపూట ఫోన్లో టోలు లేని దారి అని నొక్కి, పల్లెల్లోకి దూరినాడు. మూడు ఊర్లు తిరిగి, చెరువు కట్ట మీద బండి ఇరుక్కుని, ట్రాక్టరు పెట్టి లాగించుకుని, తెల్లారి హైవే ఎక్కేసరికి ఎదురుగా ఏముంది? అదే గేటు. డీజిలు పాయె, ట్రాక్టరోడికి వెయ్యి పాయె, టోలూ పాయె.

పాత_కాగితాలు · ఆదివారం, ఉదయం 10:41

ఆహా! దీన్నే పెద్దలు ఘట్టకుటీ ప్రభాత న్యాయం అన్నారు. సుంకం ఎగ్గొట్టాలని వ్యాపారి రాత్రంతా అడ్డదారిలో తిరిగి, దారి తప్పి, తెల్లవారేసరికి సుంకం వసూలు చేసే గుడిసె ముందే తేలాడట. తర్కశాస్త్రంలో ఉదాహరణగా చెప్పేది మీ డ్రైవరు ఆచరించి చూపాడు. అతనికి నా నమస్కారాలు చెప్పండి.

మామిడి_మండీ · ఆదివారం, ఉదయం 10:50

చెప్తా. జీతంలో కోసిన వెయ్యి వెనక్కి ఇస్తానంటే సంతోషిస్తాడు.

మిట్టూరు_వాసి · ఆదివారం, మధ్యాహ్నం 1:15

నవ్వలేక చస్తా ఉండాం ఇక్కడ. ఒక సందేహం. గాదంకికి, మహాసముద్రానికి మధ్య 60 కిలోమీటర్లు ఉండదు కదా? 60 లోపు రెండు గేట్లు ఉండకూడదని, ఉంటే మూడు నెలల్లో తీసేస్తామని 2022 మార్చిలో గడ్కరీ గారు లోక్‌సభలో చెప్పినారు. మరి?

కంకర_చిప్స్ · ఆదివారం, మధ్యాహ్నం 1:52

నియమంలో మాట "ఒకే రహదారి భాగంలో, ఒకే దిశలో". గాదంకి ఉన్నది పూతలపట్టు నుంచి తిరుపతికి పోయే 140వ నెంబరు రోడ్డు మీద. మహాసముద్రం ఉన్నది చిత్తూరు నుంచి ముళబాగిలుకు పోయే రోడ్డు మీద. నీకు అదొకటే ప్రయాణం, కాగితం మీద రెండు రోడ్లు. పైగా కారణం రాసిపెట్టి 60 లోపు కూడా పెట్టుకోవచ్చని అదే నియమంలో వెసులుబాటు ఉంది. తిరుపతి నుంచి బెంగుళూరు పోతే ఈ రెండూ దాటి కర్ణాటకలో దిగగానే నంగిలి, ఆ పైన హోస్కోటె వైపువి. నెంబర్లు మారినప్పుడల్లా లెక్క కొత్తగా మొదలు.

గ్రాఫైట్_పెన్సిల్ · ఆదివారం, సాయంత్రం 4:30

చదవడమే తప్ప రాయని వాణ్ణి. ఒకటి అడగాలి. రాష్ట్ర రోడ్లకు కూడా టోలు వస్తుందంట నిజమా? మా ఊరు పుంగనూరు దగ్గర పల్లె. ఉన్న రోడ్డుకే తారు లేదు, దానికి గేటు పెడితే ఎట్లా?

కంకర_చిప్స్ · ఆదివారం, సాయంత్రం 5:10

రాష్ట్ర రోడ్డు మీద టోలు మనకు కొత్త కాదు. నార్కట్‌పల్లి–అద్దంకి–మేదరమెట్ల రోడ్డు, రాజమండ్రి దగ్గర గోదావరి నాలుగో వంతెన రెండూ రాష్ట్రం టోలు పెట్టినవే. కొత్త మాట 2024 నవంబరులో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు శాసనసభలో అన్నది: రాష్ట్ర రోడ్ల నిర్వహణ బయటి సంస్థలకు ఇచ్చి, ముందు గోదావరి జిల్లాల్లో ప్రయోగం చేద్దామని, ఊరి నుంచి మండల కేంద్రం దాకా టోలు ఉండదని, బైకులు, ఆటోలు, ట్రాక్టర్లకు కాకుండా కార్లు, లారీలు, బస్సుల వంటి బండ్లకేనని.

మామిడి_మండీ · ఆదివారం, సాయంత్రం 5:14

మళ్ళీ మా మీదనే! మీ పార్టీ వాళ్ళకు ఓటేసినందుకు

నిర్వాహకుడు · ఆదివారం, సాయంత్రం 5:31

మండీ గారి పోస్టులో రెండో భాగం, దానికి వచ్చిన నాలుగు జవాబులు తీసేశాను. రోడ్ల గురించే రాయండి. పార్టీలకు వేరే విభాగం ఉంది, అక్కడ ఎవరూ ఎవరి మాటా వినరు.

గ్రాఫైట్_పెన్సిల్ · ఆదివారం, రాత్రి 7:40

లారీకి వేసినా బస్సుకు వేసినా టికెట్టులో, ఎరువు మూటలో మాకే వచ్చి పడుతుంది. గుంతలు లేని రోడ్డు ఇస్తే కడతాం. ముందు రోడ్డు, తర్వాత గేటు. మా దగ్గర ఎప్పుడూ తిరగబడి జరుగుతుంది.

రేణిగుంట_రాత్రిబండి · ఆదివారం, రాత్రి 9:20

చిప్స్ అన్నా, ఆ బెంగుళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్ వే మన జిల్లాలో ఎప్పటికి? వి.కోట, గుడిపాల పక్క పనులు చూస్తా ఉండా. దానికి టోలు ఎట్లా? మధ్యలో గేట్లు ఉంటాయా?

కంకర_చిప్స్ · ఆదివారం, రాత్రి 9:55

కర్ణాటక భాగం, సుమారు 71 కిలోమీటర్లు, 2024 డిసెంబరులో బండ్లకు వదిలారు. మన భాగానికి, తమిళనాడు భాగానికి తేదీ చెప్పి మాట పడను. కాంట్రాక్టు పనుల్లో ఉన్నవాడెవడూ తేదీ చెప్పడు.

టోలు మాత్రం వేరే పద్ధతి. మధ్యలో ఆపరు. ఎక్కేచోట గుర్తు పడుతుంది, దిగేచోట ఎంత దూరం వచ్చావో అంతకే కోస్తుంది. బైకులకు, ఆటోలకు ప్రవేశం లేదు. చిత్తూరు నుంచి తచ్చూరుకు 116 కిలోమీటర్ల ఆరు లైన్ల రోడ్డు కూడా వస్తోంది, అది పూర్తయితే రేవుకు పోయే మండీ అన్న సరుకు చెన్నై ఊర్లోకి దూరే పని లేదు.

మామిడి_మండీ · ఆదివారం, రాత్రి 10:02

ఖాళీ బండికి తగ్గిస్తారా అక్కడైనా?

కంకర_చిప్స్ · ఆదివారం, రాత్రి 10:03

లేదు.

మిట్టూరు_వాసి · సోమవారం, రాత్రి 8:50

అందరికీ ధన్యవాదాలు. పాసు తీసుకున్నా, ఈ రోజు గాదంకిలో రెండు పోయి 198 మిగిలినాయి.

మాస్టారు రాసినదంతా నాయనకు చదివి వినిపించినా. 1931 దగ్గరికి వచ్చేసరికి కళ్ళజోడు తీసి, "అయితే మా నాయన అబద్ధం చెప్పలా" అన్నాడు. చాలాసేపు మాట్లాడలా. అన్నం తినేటప్పుడు మళ్ళీ ఆయనే అడిగినాడు: "గేట్లు ఎత్తేసినప్పుడు బోర్డుకు సర్కారు పరిహారం ఇచ్చింది సరే. వేలం పాడి డబ్బు కట్టినోడు ఉంటాడే, వాడికి ఎవురిచ్చినారు?"

మాస్టారూ, దీనికి మీ దగ్గర కాగితం ఉందా?

పాత_కాగితాలు · సోమవారం, రాత్రి 9:26

మీ నాన్నగారికి ఏ ఉద్యోగం? నాకెందుకో రెవెన్యూ అనిపిస్తోంది. వెతుకుతాను, వారం గడువు ఇవ్వండి.

మిట్టూరు_వాసి · సోమవారం, రాత్రి 9:31

బస్సు కండక్టరు సార్. ముప్పై ఏళ్ళు.